అవతలి స్టాండ్‌లో మాత్రమే కనబడే జాతిద్వేషం

1935 డిసెంబరు 4న లండన్‌లోని వైట్ హార్ట్ లేన్ మైదానంలో ఇంగ్లండ్, జర్మనీ జట్లు ఫుట్‌బాల్ ఆడాయి. అది టాటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్బు సొంత మైదానం. అభిమానులు ఆ క్లబ్బుని స్పర్స్ అంటారు. ఆ క్లబ్బు అభిమానుల్లో యూదులు అప్పటికే చాలామంది. జర్మనీలో యూదుల పౌరసత్వం లాగేసుకున్న న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు. ఆ జట్టును తెచ్చి సరిగ్గా ఇక్కడే ఆడిస్తారా అని యూదు సంఘాలూ, కార్మిక సంఘాల సమాఖ్యా గట్టిగా అడ్డుచెప్పాయి. హోం మంత్రి జాన్ సైమన్ ఆపడానికి ఒప్పుకోలేదు. ఆటను ఆటగా చూడాలి, రాజకీయం చేయొద్దు అన్నది ప్రభుత్వం వాదన. మ్యాచ్ జరిగింది. స్టేడియం మీద స్వస్తిక జెండా ఎగిరింది. ఒక ప్రేక్షకుడు పైకెక్కి ఆ జెండాను కోసి కిందపడేస్తే పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. ఇంగ్లండ్ 3-0తో గెలిచింది.

మూడేళ్ళు తిరక్కుండానే, 1938 మేలో, బెర్లిన్‌లో మ్యాచ్‌కి ముందు ఇంగ్లండ్ ఆటగాళ్ళు వరసగా నిలబడి చేతులు చాచి నాజీ సెల్యూట్ చేశారు. చెయ్యమని పైనుంచి చెప్పారు, చేశారు. ఆ మ్యాచ్ కూడా ఇంగ్లండే గెలిచింది, 6-3తో.

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో జాత్యహంకారం గురించి రాసేవాళ్ళు సాధారణంగా డెబ్భైల్లోనో ఎనభైల్లోనో మొదలుపెడతారు. నల్లజాతి ఆటగాళ్ళ మీదకి విసిరిన అరటిపళ్ళు, కోతి అరుపులు. నేను ఇంత వెనక్కి వెళ్ళడానికి కారణం ఆ "రాజకీయం చేయొద్దు" అనే మాట. 2020 డిసెంబరులో మిల్‌వాల్ మైదానంలో ఆటగాళ్ళు జాతివివక్షకు నిరసనగా మోకాలి మీద నిలబడితే సొంత ప్రేక్షకులే హేళనగా అరిచారు. అడిగితే, ఆటలోకి రాజకీయాలెందుకు అన్నారు. ఎనభై అయిదేళ్ళలో ఆ వాక్యానికి ఒక్క అక్షరం కూడా అరగలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. నిజంగా ఒళ్ళంతా ద్వేషం నింపుకుని స్టేడియానికి వచ్చేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందికి నీడనిచ్చేది చుట్టూ కూర్చున్న మంచివాళ్ళు. క్లబ్బు మీద ప్రేమకొద్దీ, మనవాడు కదా అని. జాతిద్వేషం అవతలి స్టాండ్‌లో ఉంటే ప్రతి ఒక్కడికీ కనబడుతుంది. పక్క సీట్లో ఉంటే మాత్రం అది జోక్, లేకపోతే అపార్థం, లేకపోతే మీడియా కుట్ర.

లండన్‌లో తెలుగువాళ్ళు ముందు దిగే చోటు ఈస్ట్ హామ్. నేనూ అక్కడ అద్దెకున్నాను. దగ్గర్లోనే గ్రీన్ స్ట్రీట్. చీరల కొట్లు, బంగారం కొట్లు, హలాల్ మాంసం కొట్లు, మధ్యలో ఎక్కడో మామిడిపళ్ళ పెట్టెలు. 2016 దాకా వెస్ట్ హామ్ యునైటెడ్ క్లబ్బు మైదానం ఆ వీధిలోనే ఉండేది. మామూలు రోజుల్లో ఆ వీధిలో తెల్లమొహం వెతుక్కోవాలి. మ్యాచ్ రోజున వేలమంది వచ్చేవాళ్ళు, దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఒకప్పుడు ఆ పేటలోనే ఉండి ఎసెక్స్ వైపు వెళ్ళిపోయిన కుటుంబాల వాళ్ళు చాలామంది. తాతల నాటి క్లబ్బు కోసం పాత వీధికి తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళు వచ్చి వెళ్ళే ఆ కొన్ని గంటలూ రెండు లండన్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ నడిచేవి, మాట్లాడుకునేవి మాత్రం కావు. మా ఇంటి ఓనరుగారిది గుంటూరు జిల్లా. మ్యాచ్ ఉందంటే, "ఇవాళ అప్టన్ పార్క్ స్టేషన్‌లో దిగకు బాబూ, ఈస్ట్ హామ్ దాకా వచ్చి నడిచిరా" అని చెప్పేవాడు. నాకు ఎన్నడూ ఏమీ జరగలేదు. ఆయన చిన్నప్పుడు, ఎనభైల్లో, ఏం చూశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ పేటలో పిల్లలు పార్కుల్లో పొద్దుగుంకేదాకా ఫుట్‌బాల్ ఆడతారు. పంజాబీలు, బెంగాలీలు, తమిళులు, మనవాళ్ళు. ఇంగ్లండ్‌లో కొన్ని వేలమంది ప్రొఫెషనల్ ఆటగాళ్ళుంటే దక్షిణాసియా మూలాలున్నవాళ్ళు పదుల్లోనే. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌కి దక్షిణాసియా మూలాలున్న బ్రిటిష్ రిఫరీ మొదటిసారి ఈల పట్టుకున్నది 2024 మార్చిలో. సన్నీ సింగ్ గిల్, క్రిస్టల్ ప్యాలెస్, లూటన్ మ్యాచ్. అతని తండ్రి జర్నైల్ సింగ్ తలపాగాతోనే కింది డివిజన్లలో రిఫరీగా చేశాడు. మనవాళ్ళకి క్రికెట్ పిచ్చి, ఫుట్‌బాల్‌కి కావలసిన ఒళ్ళు లేదు అని క్లబ్బుల స్కౌట్లు ఏళ్ళ తరబడి అనుకున్నారు. దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇంతే.

ఆఫీసులో నా పక్కన పనిచేసిన ఒకాయన తన క్లబ్బు మ్యాచ్ ఒక్కటి వదిలేవాడు కాదు. మంచి మనిషి. నేను కొత్తగా చేరినప్పుడు బ్యాంకు ఖాతా తెరవడం దగ్గర్నుంచి అన్నీ దగ్గరుండి చూసిపెట్టాడు. స్పర్స్ అభిమానుల్ని చూసి అవతలివాళ్ళు బుస్సుమని చప్పుడు చేస్తారటగదా, ఎందుకది అని ఒకరోజు అడిగాను. గ్యాస్ చాంబర్లో గ్యాస్ వదిలిన చప్పుడు అని మామూలుగా చెప్పాడు. నా మొహం చూసి, "అబ్బే, అది యూదుల్ని అనడం కాదు, స్పర్స్‌ని అనడం. వాళ్ళే యిడ్ అని పేరు పెట్టుకున్నారుగా" అన్నాడు. మరి రేపు నన్ను, దక్షిణాసియావాళ్ళని ఇక్కడ తిట్టే మాటతో, పాకీ అని పాట కట్టి పాడితే అన్నాను. ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "అది వేరు" అన్నాడు. ఎందుకు వేరో చెప్పడానికి టీ చల్లారేదాకా ప్రయత్నించి, చివరికి వదిలేశాడు.

ఆ బుస చప్పుడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి కూడా టీవీలో అది తెలియదు. 2012 నవంబరులో యూరోపా లీగ్ మ్యాచ్ కోసం రోమ్ వెళ్ళిన స్పర్స్ అభిమానుల మీద ఒక బార్‌లో దాడి జరిగింది, ఒకతనికి కత్తిపోట్లు పడ్డాయి. అదే వారాంతంలో వైట్ హార్ట్ లేన్‌కి వెస్ట్ హామ్ వచ్చింది. వచ్చిన అభిమానుల్లో కొందరు బుస కొట్టారు, హిట్లర్ పేరుతో పాట పాడారు, రోమ్ కత్తిపోట్లను కూడా పాటలో కలుపుకున్నారు. ఇందులో ఇంకో సంగతుంది. ఆ రోజు వెస్ట్ హామ్ ఉమ్మడి ఛైర్మన్ డేవిడ్ గోల్డ్. యూదు తండ్రికి పుట్టి, గ్రీన్ స్ట్రీట్‌లో ఆ మైదానానికి ఎదురుగానే పెరిగిన మనిషి. అంతకు ఏడాదిన్నర ముందు దాకా ఆ జట్టు మేనేజరు అవ్రామ్ గ్రాంట్, ఇజ్రాయెల్ వాడు. అతని తండ్రి వైపు కుటుంబంలో చాలామంది నాజీల మారణహోమంలో పోయారు. 2008లో చెల్సీ మేనేజరుగా ఉన్నప్పుడు జట్టును ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి చేర్చిన మర్నాడే గ్రాంట్ నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి వెళ్ళి స్మారక యాత్రలో నడిచాడు. అలాంటి మనిషి కూర్చున్న డగౌటే, అలాంటి మనిషి కూర్చున్న బాక్సే తమవి కూడా అని ఆ బుస కొట్టినవాళ్ళకి తట్టలేదు. తట్టక్కర్లేదు కూడా, ఎందుకంటే వాళ్ళ లెక్కలో యూదులంటే స్పర్స్ మాత్రమే. క్లబ్బు తర్వాత సీజన్ టికెట్ ఉన్న ఒకరిని బహిష్కరించింది. బుస ఒక్కడిది కాదు.

ఇక ఆ పేరు సంగతి. "యిడ్" అనేది యూదుల్ని తిట్టే మాట. ముప్ఫైల్లో ఈస్ట్ ఎండ్ వీధుల్లో బ్రిటిష్ ఫాసిస్టు నాయకుడు మోస్లీ మనుషులు నోటినిండా అరిచిన మాట. తర్వాతి దశాబ్దాల్లో ప్రత్యర్థి అభిమానులు దాన్ని స్పర్స్ మీదకి విసిరారు. స్పర్స్ స్టాండ్‌లోవాళ్ళు, యూదులూ యూదులు కానివాళ్ళూ కలిసి, అవును మేం అదే అంటూ ఆ మాటనే తమ సైన్యం పేరుగా పెట్టుకున్నారు. మొదటిసారి ఈ కథ విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. నీ పక్కవాణ్ణి తిడితే ఆ తిట్టు నేనూ తీసుకుంటాను అనడం చిన్న విషయం కాదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. నలభై ఏళ్ళ తర్వాత ఆ పాట పాడేవాళ్ళలో అత్యధికులు యూదులు కారు. చాలామందికి అది తిట్టుకి ఎదురుగా నిలబడటంలా కూడా గుర్తులేదు, మ్యాచ్ రోజు హుషారు అంతే. హాస్యనటుడు డేవిడ్ బడీల్ యూదు, చెల్సీ అభిమాని. అతని అభ్యంతరం సూటిగా ఉంటుంది: తిట్టుని సొంతం చేసుకునే హక్కు తిట్లు తిన్నవాళ్ళది. 2013లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆ మాట వాడితే కేసు కావచ్చు అని హెచ్చరించింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ మాత్రం, ద్వేషంతో అనేవాళ్ళని శిక్షించాలి, తమని తాము పిలుచుకునే స్పర్స్ అభిమానుల్ని కాదు అన్నాడు. పోలీసులు ముగ్గురు స్పర్స్ అభిమానుల మీద కేసు పెట్టారు, 2014 మార్చిలో ప్రాసిక్యూషన్ దాన్ని వదిలేసింది. వదిలేయడం సరైనదే. చెడ్డ అలవాటుకీ నేరానికీ మధ్య తేడా ఉంచుకోవాలి. క్లబ్బు 2019లో సర్వే పెడితే 23 వేలమందికి పైగా జవాబిచ్చారు. 2022 ఫిబ్రవరిలో, ఇక ఈ మాటను వదిలి ముందుకెళదాం అని క్లబ్బే అభిమానుల్ని కోరింది. పాట ఇంకా పూర్తిగా ఆగలేదు.

ఆపాలనే నేనంటాను. అయితే బుస కొట్టేవాళ్ళు దీన్ని బేరానికి పెట్టడం నాకు నచ్చదు. వాళ్ళు ఆ పేరు మానేస్తే మేమూ మానేస్తాం అంటారు, గ్యాస్ చాంబర్ ఏదో ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకునే వస్తువైనట్టు. ఒకవైపు పొరపాటు ఉంది, ఇంకోవైపు నీచం ఉంది. రెండూ ఒకే తూకం వేయడం కుదరదు.

ఆటగాళ్ళ మధ్య జరిగినవి చూస్తే ఈ మనవాడి వ్యవహారం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2011 అక్టోబరు 15న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాని రంగు పేరుతో పదేపదే అన్నాడు. మా ఉరుగ్వేలో ఆ మాట స్నేహంగా అంటాం అన్నది సువారెజ్ వాదన. విచారణ సంఘం నమ్మలేదు. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40 వేల పౌండ్ల జరిమానా. శిక్ష ప్రకటించిన మర్నాడు విగన్‌లో లివర్‌పూల్ ఆటగాళ్ళంతా సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని మైదానంలోకి వచ్చారు. ఎవరి మీద మాట పడిందో ఆ మనిషి గురించి ఆ క్లబ్బులో ఆ రోజు ఆలోచించినవాడు ఒక్కడు కనబడలేదు. ఫిబ్రవరిలో మళ్ళీ రెండు జట్లూ కలిసినప్పుడు సువారెజ్ ఎవ్రాకి చెయ్యివ్వలేదు.

సువారెజ్ సంఘటన జరిగిన ఎనిమిది రోజులకే లాఫ్టస్ రోడ్‌లో చెల్సీ కెప్టెన్, అప్పటి ఇంగ్లండ్ కెప్టెన్ కూడా, జాన్ టెర్రీ ఇలాంటి గొడవలోనే ఇరుక్కున్నాడు. అవతలి జట్టు ఆటగాడు ఆంటన్ ఫెర్డినాండ్‌ని రంగు పేరుతో తిట్టాడని ఆరోపణ. కోర్టు 2012 జులైలో నిర్దోషి అంది. ఫుట్‌బాల్ అసోసియేషన్ తన విచారణలో దోషి అని నాలుగు మ్యాచ్‌ల నిషేధం, 2 లక్షల 20 వేల పౌండ్ల జరిమానా వేసింది. నేరం రుజువు చేయడానికి కోర్టుకి కావలసిన సాక్ష్యం వేరు, ఒక ఆట సంఘానికి కావలసినది వేరు కాబట్టి రెండు తీర్పులూ ఒకేసారి ఉండొచ్చు. కానీ చెల్సీ అభిమానులు హేళన పాట కట్టింది ఫెర్డినాండ్ మీద. అంటే ఫిర్యాదు మొయ్యాల్సి వచ్చినవాడి మీద. ఆ రోజుల్లో నా లివర్‌పూల్ మిత్రులు టెర్రీ ఎంత నీచుడో నాకు గంటలకొద్దీ చెప్పారు. చెల్సీవాళ్ళు సువారెజ్ గురించి అంతే శ్రద్ధగా చెప్పారు.

దీనికి స్పర్స్ అభిమానులు అతీతులు అనుకుంటే పొరపాటు. 2019 డిసెంబరు 22న స్పర్స్ కొత్త స్టేడియంలో చెల్సీ డిఫెండర్ ఆంటోనియో రూడిగర్ తనని కోతి అరుపులతో గేలి చేశారని రిఫరీకి చెప్పాడు. మైకులో హెచ్చరికలు వచ్చాయి. పోలీసులూ క్లబ్బూ వీడియోలు చూసి, రుజువు దొరకలేదు అన్నారు. రుజువు దొరకకపోవడమంటే అబద్ధం అని అర్థం కాదు. రెండు నెలల తర్వాత చెల్సీ మైదానంలో జరిగిన మ్యాచ్‌లో రూడిగర్ కాలికి బంతి తగిలినప్పుడల్లా స్పర్స్ అభిమానులు అల్లరి పెట్టారు. మేం దశాబ్దాలుగా తిట్లు తిన్నాం, అందుకే ఈ పేరు పెట్టుకున్నాం అని చెప్పుకునే స్టాండ్, ఇంకొకడు నన్ను తిట్టారు అంటే నమ్మలేకపోయింది. అదే డిసెంబరు మ్యాచ్‌లో స్పర్స్ ఆటగాడు సాన్ హ్యుంగ్ మిన్‌ని జాతి పేరుతో తిట్టాడని ఒక చెల్సీ అభిమానిని పోలీసులు పట్టుకున్నారు. ఒకే మధ్యాహ్నం, ఒకే మైదానం, రెండు వైపులా మనవాళ్ళే.

యూదు ద్వేషానికి ఇంకో రక్షణ కూడా ఉంది. అది మెచ్చుకోలు వేషం వేసుకుని వస్తుంది. 2014లో విగన్ క్లబ్బు యజమాని డేవ్ వీలన్, యూదులు అందరికంటే ఎక్కువగా డబ్బు వెంట పడతారన్న అర్థంలో ఒక పత్రికతో అన్నాడు. తప్పేముంది, తెలివైనవాళ్ళు అనే కదా అన్నాను అన్నట్టుంది ఆయన ధోరణి. ఆరు వారాల నిషేధం, 50 వేల పౌండ్ల జరిమానా. ఏడాది ముందు వెస్ట్ బ్రామ్ ఆటగాడు నికొలా అనెల్కా గోల్ కొట్టి, ఫ్రాన్స్‌లో యూదు ద్వేషులు వాడే చేతి సైగ చేశాడు. మిత్రుడికి మద్దతుగా చేశాను, యూదుల మీద కాదు అన్నాడు. అయిదు మ్యాచ్‌ల నిషేధం పడింది. నల్లవాణ్ణి కోతి అంటే తిట్టని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. యూదు దగ్గర డబ్బుందంటే అది తిట్టేమిటి అంటారు. వాళ్ళు తెల్లవాళ్ళే కదా, ఉన్నవాళ్ళే కదా, వాళ్ళకేం నష్టం అనే లెక్క. ఈ లెక్క మనకి కొత్త కాదు. 2025 ఆగస్టులో తెలంగాణలో మార్వాడీలు వెళ్ళిపోవాలి అన్న నినాదం వచ్చినప్పుడు ఫేస్‌బుక్‌లో చదివిన వాక్యాల్లో సగం, పేరు మారిస్తే, 1930ల లండన్ కరపత్రంలోకి సరిపోతాయి. కొట్ల అద్దెల గురించీ చిన్న వ్యాపారుల కష్టాల గురించీ నిజమైన ఫిర్యాదులు ఉండొచ్చు. వాటికి ఒక జాతి మొత్తం మొహం తగిలించడం దగ్గరే తేడా వస్తుంది.

మనదాకా వచ్చాం కాబట్టి ఇదీ చెప్పాలి. వెస్టిండీస్ కెప్టెన్‌గా చేసిన డారెన్ సామీ 2020 జూన్‌లో ఒక సంగతి బయటపెట్టాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి ఆడినప్పుడు తననీ, శ్రీలంక ఆటగాడు తిసారా పెరీరానీ జట్టులో కాలూ అని పిలిచేవాళ్ళని, దానికి బలమైన గుర్రం అని అర్థమేమో అనుకున్నానని. తర్వాత ఒక ఆటగాడు మాట్లాడి ప్రేమతోనే అన్నామని చెప్పాడనీ, తను దాన్ని అంగీకరించాననీ సామీయే చెప్పాడు. అతనికి సరిపోయింది, మంచిదే. నన్ను ఆశ్చర్యపరచినవాళ్ళు మన అభిమానులు. ముద్దుగా పిలిస్తే కూడా తప్పేనా అని నిలదీశారు. సరిగ్గా ఏడు నెలలకి సిడ్నీ టెస్టులో హైదరాబాదీ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌ని బౌండరీ దగ్గర ప్రేక్షకులు తిట్టారు. ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. ఆ వారమంతా అదే అభిమానులు జాతివివక్ష మీద అగ్గిమీద గుగ్గిలమయ్యారు. కోపం న్యాయమైనదే. జూన్‌లో అది ఎక్కడికి పోయిందన్నదే నా ప్రశ్న. సినిమా హీరోల అభిమానులు ట్విట్టర్లో ఒకరి కులాన్ని ఒకరు తవ్వి తిట్టుకునే దేశం నుంచి వచ్చి ఇంగ్లిష్ వాళ్ళకి నేను పెద్దగా నీతి చెప్పలేను. కానీ అందుకే వాళ్ళ జబ్బు నాకు అంత త్వరగా అర్థమైంది.

నా వాదనకి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంతా జెర్సీ మీద ప్రేమే అయితే, సొంత ఆటగాళ్ళనే తిట్టినవాళ్ళ మాటేమిటి? 1982 ఏప్రిల్‌లో పాల్ కానవిల్ చెల్సీ తరఫున మొదటిసారి మైదానంలోకి దిగబోతూ పక్కన ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే కోతి అరుపులు వినబడ్డాయి. ఎవరా అని చూస్తే సొంత చెల్సీ నీలం చొక్కాలే. ఆ క్లబ్బుకి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతను. అదే ఏడాది ఇంగ్లండ్ జట్టుకి ఎంపికైన సిరిల్ రెజిస్‌కి పోస్టులో తుపాకీ గుండు వచ్చింది. 1984లో మరకానా స్టేడియంలో బ్రెజిల్ మీద జాన్ బార్న్స్ కొట్టిన గోల్ ఇప్పటికీ చూపిస్తుంటారు. ఇంగ్లండ్ 2-0తో గెలిచింది. తిరుగు ప్రయాణంలో అదే విమానంలో ఉన్న, తెల్లజాతి అహంకారుల పార్టీ నేషనల్ ఫ్రంట్ మనుషులు మాత్రం 1-0 అన్నారు, నల్లవాడి గోల్ లెక్కలోకి రాదని. అప్పట్లో జెర్సీ ఎవర్నీ కాపాడలేదు. నిజం.

ఇప్పుడు కాపాడుతోంది, షరతుల మీద. గోల్ కొడుతున్నంతసేపూ నువ్వు మావాడివి. 2018 డిసెంబరులో చెల్సీ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్ మూలన బంతి తీసుకోడానికి వెళితే ముందు వరసలో చెల్సీ అభిమానులు మొహాలు వికృతంగా పెట్టి అరిచిన తీరు కెమెరాకి చిక్కింది. ఒకణ్ణి క్లబ్బు శాశ్వతంగా నిషేధించింది. 2022లో స్టెర్లింగ్ చెల్సీలో చేరాడు. అదే స్టేడియం, అదే గోల్ మూల, ఈసారి చప్పట్లు. దీనికి ఎదురు ఉదాహరణ 2021 జులై 11. యూరో ఫైనల్లో ఇటలీ మీద ఇంగ్లండ్ నల్లజాతి ఆటగాళ్ళు రాష్‌ఫర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు పోగొట్టారు. అర్ధరాత్రికల్లా ముగ్గురి ఫోన్లు కోతి బొమ్మలతో నిండిపోయాయి. అదంతా విదేశీ ఖాతాల పని అని కొందరు వెంటనే ఊరట పొందారు. పోలీసులు నేరంగా తేల్చిన 207 పోస్టుల్లో 123 ఖాతాలు విదేశాలవే, 34 బ్రిటన్‌వి. కానీ తాము తొలగించిన తిట్లు అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన దేశం బ్రిటనే అని ట్విట్టర్ చెప్పింది, తొలగించిన ఖాతాల్లో దాదాపు అన్నిటికీ మనిషి ఎవరో గుర్తుపట్టగల వివరాలున్నాయని కూడా చెప్పింది. ఈ లెక్కల్లో ఎవరికి కావలసినది వాళ్ళు తీసుకున్నారు.

చట్టం ఏం చేయలేదని అనను. 1991 చట్టం స్టేడియంలో జాతి పేరుతో అరుపుల్ని నేరం చేసింది. విచిత్రం ఏమిటంటే మొదట్లో గుంపుగా అరిస్తేనే నేరం. ఒక్కడే అరిస్తే కాదు. 1999లో గాని దాన్ని సవరించలేదు. ఇప్పుడు కెమెరాలున్నాయి, నిషేధాలున్నాయి, సీట్లో కూర్చునే మెసేజ్‌తో ఫిర్యాదు చేసే ఏర్పాటుంది. 2025 ఆగస్టులో సీజన్ మొదటి రాత్రే ఆన్‌ఫీల్డ్‌లో బోర్న్‌మత్ ఆటగాడు ఆంట్వాన్ సెమెన్యో తనని తిట్టారని చెబితే ఆట ఆపారు, మనిషిని గుర్తించారు, అరెస్టూ జరిగింది. సెమెన్యో ఆ తర్వాత రెండు గోల్స్ కొట్టాడు. 1982తో పోలిస్తే ఇది వేరే దేశం.

చట్టం చేయలేనిది ఒకటుంది. పక్కవాడు బుస కొట్టినప్పుడు పది మంది వెనక్కి తిరిగి చూడటం. దీని మీద నిజంగా పని చేసింది, నాకు తెలిసినంతలో, చెల్సీయే. 2018 జనవరిలో యూదు ద్వేషానికి వ్యతిరేకంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టి అభిమానుల్ని ఆష్విట్జ్‌కి తీసుకెళ్ళింది, పట్టుబడినవాళ్ళకి ఉత్త నిషేధమే కాకుండా చదువుకుని మారే దారి కూడా చూపిస్తామంది. ఆ ఏడాది డిసెంబరులోనే, స్టెర్లింగ్ సంఘటన జరిగిన వారంలోపే, బుడాపెస్ట్‌లో చెల్సీ అభిమానులు కొందరు మళ్ళీ యూదుల మీద పాట పాడారు. నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ క్లబ్బు తన స్టాండ్ వైపే వేలు చూపించడం ముఖ్యంగా అనిపించింది. మిగతా క్లబ్బులు పోస్టర్లు అంటించాయి.

విగన్‌లో టీషర్టు వేసుకున్నవాళ్ళలో జేమీ కారగర్ ఒకడు. 2019 అక్టోబరులో, ఎనిమిదేళ్ళ తర్వాత, టీవీ స్టూడియోలో ఎవ్రా పక్కనే నిలబడి మేం చాలా పెద్ద తప్పు చేశాం అని క్షమాపణ చెప్పాడు. ఆటగాడిగా ఉన్నప్పుడు చెప్పి ఉంటే విలువ ఇంకా పెరిగేది. అయినా చెప్పాడు.

2024 జూన్‌లో స్పర్స్ మిడ్‌ఫీల్డర్ రోడ్రిగో బెంటాన్‌కూర్, ఇతనిదీ ఉరుగ్వేయే, సొంత దేశపు టీవీలో మాట్లాడుతూ తన కెప్టెన్ సాన్ గురించి, సాన్ అయినా అతని చుట్టాలైనా అందరూ ఒకలాగే ఉంటారుగా అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు, సాన్ క్షమించాడు. విచారణలో మాత్రం బెంటాన్‌కూర్ వాదన మారింది. యాంకర్ సాన్‌ని కొరియావాడు అన్నందుకు చురక వేశానే తప్ప నేను తప్పుగా అనలేదు అన్నాడు. ఆ వాదన అతని క్షమాపణతోనే పొసగలేదని సంఘం తేల్చి ఏడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా వేసింది. క్లబ్బు ముందు ఇద్దరు ఆటగాళ్ళున్నారు. మాట అన్నవాడు ఒకడు, పడ్డవాడు ఇంకొకడు, ఇద్దరిదీ అదే జెర్సీ. శిక్ష ఎక్కువైందని అన్నవాడి తరఫున టాటెన్‌హామ్ అప్పీలుకి వెళ్ళింది. డిసెంబరులో ఆ అప్పీలు కొట్టేశారు.